ట్రఫాల్గర్ పట్టికలో అట్టడుగున ఉన్న కట్టర్ కథ

తీరవాసి:
నౌకల చరిత్ర తెలిసినవారికి ఒక ప్రశ్న. 1805 అక్టోబర్ 21న స్పెయిన్ తీరం దగ్గర ఫ్రెంచి, స్పెయిన్ నౌకలతో జరిగిన ట్రఫాల్గర్ యుద్ధంలో ఉన్న బ్రిటిష్ నౌకల పట్టిక చూస్తున్నాను. 27 భారీ యుద్ధనౌకలు, నాలుగు ఫ్రిగేట్లు (మధ్యరకం యుద్ధనౌకలు), పికిల్ అనే స్కూనర్ (రెండు కొయ్యల చిన్న ఓడ), అన్నిటికన్నా కింద ఆంత్రప్రెనాంత్ అనే కట్టర్. దాని కమాండర్ లెఫ్టినెంట్ రాబర్ట్ బెంజమిన్ యంగ్. అంతకు మించి ఒక్క ముక్క లేదు. బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ ఎక్కిన విక్టరీ నౌకలో 104 ఫిరంగులు, ఎనిమిది వందల మందికి పైగా మనుషులు. ఈ బుల్లి నౌకకు పట్టికలో 8 ఫిరంగులని ఒకచోట, 10 అని మరోచోట వేశారు. మనుషులు నలభై మంది. అలాంటి యుద్ధంలో దీనికి పని ఏమిటి? యుద్ధానికి ముందూ తర్వాతా దీని బతుకు ఎలా గడిచింది? తెలిసినవారు చెప్పండి.

పాతపటాలు:
మంచి నౌకనే పట్టుకున్నారు. పేరు చూస్తేనే ఫ్రెంచి సరుకని తెలుస్తుంది. 1798లో బ్రిటిష్ వారి చేతికి చిక్కింది, 1799లో వాళ్ల నౌకాదళంలో కొలువుకెక్కింది, 1812లో దాన్ని విప్పేసి ముక్కలు చేశారు. రమారమి పదమూడేళ్ల ఉద్యోగం. యుద్ధం మీద యుద్ధం జరిగే కాలంలో ఒక చిన్న కర్ర ఓడకు అది తక్కువ ఆయుష్షేమీ కాదు. ఆ తరహా నౌకలు తుపానుల్లో మునిగినవి, రాళ్లకు కొట్టుకున్నవి, శత్రువుకు చిక్కినవి కోకొల్లలు.

ట్రఫాల్గర్ కన్నా ముందే దీనికి మధ్యధరా సముద్రమంతా తిరిగిన అనుభవం ఉంది. 1800లో అడ్మిరల్ కీత్ జెనోవా రేవును దిగ్బంధించినప్పుడు అక్కడున్న చిన్న నౌకల్లో ఇదొకటి. లోపల ఫ్రెంచి సేనాని మస్సేనా, ఆకలితో మాడుతున్న ఊరు. బయట సముద్రం మీద తిండిగింజలు లోపలికి పోకుండా చూసే కాపలా. ఒడ్డుకు దగ్గరగా, లోతు లేని నీళ్లలో తిరగగలిగేది చిన్న నౌకే కాబట్టి ఆ కాపలాలో అసలు చాకిరీ వీటిదే. జూన్ 4న మస్సేనా లొంగిపోయాడు.

మరుసటి ఏడాది ఈజిప్టు. 1801 మార్చి 8న అబూకిర్ తీరంలో జనరల్ అబర్‌క్రాంబీ సైన్యం దిగింది. మొదటి విడతలో అయిదు వేల మందికి పైగా సైనికులు పడవల్లో బారులు తీరి ఒడ్డుకు సాగారు, ఎదురుగా ఇసుక దిబ్బల మీద ఫ్రెంచి ఫిరంగులు. ఆ పడవల బారుకు రెండు పక్కలా కాపు కాసినవి చిన్న నౌకలే. కుడిపక్క క్రుయెల్ అనే కట్టర్, రెండు గన్‌బోట్లు. ఎడమపక్క మన ఆంత్రప్రెనాంత్, మాల్టా అనే స్కూనర్, నెగ్రెస్ అనే గన్‌బోటు. పెద్ద యుద్ధనౌకలు లోతు చాలక చాలా దూరంలో లంగరు వేసి ఉండిపోయాయి.

ట్రఫాల్గర్ సంగతి తర్వాత రాస్తాను. ముందు కట్టర్ అంటే ఏమిటో సరంగు గారు చెబితే బాగుంటుంది.

సరంగు:
పిలిచారు కాబట్టి వచ్చాను. వాణిజ్య నౌకల్లో చాలాకాలం పనిచేసి విశాఖలో స్థిరపడ్డవాణ్ని. చాప కట్టిన ఓడల మీద ఉద్యోగం చేయలేదు గానీ గాలి లెక్క ఎవరికైనా ఒకటే.

కట్టర్‌కు ఒకే కొయ్య, అంటే చాపలు కట్టే నిలువు స్తంభం. దాని వెనకాల ఓడ పొడవునా పరుచుకునే పెద్ద తెరచాప, ముందు త్రికోణపు చాపలు రెండో మూడో, పైన ఒక చదరపు చాప. ముక్కు దగ్గర ముందుకు పొడుచుకువచ్చే పొడవాటి దూలం. సముద్రం పోటెత్తినప్పుడు ఆ దూలాన్ని లోపలికి లాగేసుకోవచ్చు. ఓడ పరిమాణానికి మించిన చాపలు మోయడం దీని ప్రత్యేకత.

ఇక అసలు సంగతి. విక్టరీ లాంటి చదరపు చాపల ఓడ గాలి వచ్చే దిక్కుకు సుమారు 67 డిగ్రీల కన్నా దగ్గరగా నడవలేదు. ఎదురుగాలిలో వాలుగా ఇటు కొంత దూరం, అటు కొంత దూరం పోతూ రోజంతా గడిపినా ముందుకు సాగేది కొంచెమే. కట్టర్ అంతకన్నా గాలికి దగ్గరగా నిలిచి నడుస్తుంది. అందుకే ఇంగ్లీషు చానెల్‌లో దొంగ సరుకు చేరవేసేవాళ్లకు ఇదంటే ప్రాణం. వాళ్లను పట్టుకోవడానికి సుంకాల శాఖ కూడా కట్టర్లే కట్టించింది. దొంగకూ పోలీసుకూ ఒకే బండి. తర్వాత నౌకాదళం అదే తరహా నౌకలను ఉత్తరాలు మోయడానికి, రేవుల మీద నిఘాకు, వర్తక నౌకలకు తోడు పోవడానికి వాడుకుంది.

ఇందులో కష్టం కూడా ఉంది. అంత పెద్ద చాపకు అడుగున బరువైన దూలం ఉంటుంది. గాలి వెనక నుంచి వీస్తుండగా చుక్కాని దగ్గరున్నవాడు ఒక్క క్షణం ఏమరితే చాప ఒక పక్క నుంచి ఇంకో పక్కకు విసురుగా తిరుగుతుంది. ఆ దూలం దారిలో తల ఉంటే తల ఉండదు. కొయ్యను పట్టి ఉంచే తాళ్లు కూడా తెగిపోవచ్చు. అందుకని చాప తిప్పేముందు తాడును బాగా లోపలికి లాగి, దూలం ఓడ నడిమికి వచ్చాక చుక్కాని తిప్పి, మళ్లీ నెమ్మదిగా తాడు వదలాలి. ఊపిరి సలపని పని. డెబ్బై అడుగులు కూడా లేని ఓడలో నలభై మంది ఎందుకని అడిగేవారికి సగం జవాబు ఇదే. మిగతా సగం ఫిరంగులు.

కొత్తగా చేరాను:
నమస్కారం అండీ. చిన్న సందేహం. అంత చిన్న నౌక నడిసముద్రంలో యుద్ధం జరుగుతుంటే మధ్యలో ఉంటే పెద్ద ఓడలు ఒక్క గుండుతో ముంచేయవా?

పాతపటాలు:
మధ్యలో ఉండదు. బారులు తీరిన భారీ నౌకల పోరుకు ఎడంగా, గాలి వచ్చే వైపున నిలబడి ఉంటుంది. ఫ్రిగేట్లూ అంతే. తమ మీద కాల్చని చిన్న నౌకల జోలికి పోకూడదని పెద్ద నౌకల మధ్య ఒక ఆనవాయితీ ఉండేది. విక్టరీ కింది అంతస్తులోని ఒక్కో ఫిరంగి 32 పౌన్ల గుండు వేస్తుంది, అంటే పద్నాలుగున్నర కిలోలు. కట్టర్ పక్కపలకలకు అలాంటివి నాలుగు తగిలితే చాలు.

చిన్న నౌకల పని ఎక్కడ మొదలవుతుందంటే పెద్ద నౌకల పని ముగిసే చోట. ఆ రోజు సాయంత్రానికి ఫ్రెంచి నౌక అషీల్ ముందు కొయ్య పైభాగంలో నిప్పు అంటుకుంది. ఆర్పే యంత్రం అప్పటికే గుండ్లకు పాడైంది. కొయ్యను నరికి సముద్రంలో పడేద్దామనుకుంటుండగానే ఇంగ్లీషు నౌక ఒకటి కాల్చిన వరుస గుండ్లకు మండుతున్న ఆ కొయ్య విరిగి ఓడ నడిమి మీదే కూలింది. ఇక ఎవరి చేతుల్లోనూ లేదు. మనుషులు సముద్రంలోకి దూకారు.

అప్పుడు పడవలు దించినవాళ్లలో స్విఫ్ట్‌షూర్, ప్రిన్స్ అనే పెద్ద నౌకలతో పాటు పికిల్, ఆంత్రప్రెనాంత్ ఉన్నాయి. తేలికైన పని అనుకోకండి. అషీల్‌లో మందు దట్టించి సిద్ధంగా ఉంచిన ఫిరంగులు వేడికి వాటంతటవే పేలుతున్నాయి. ఏ ఫిరంగి ఎప్పుడు పేలుతుందో, గుండు ఎటు పోతుందో లోపల మనిషి లేని ఓడను అడగలేం. అలాంటి ఓడ దగ్గరికి తెడ్లు వేసుకుంటూ పోయి, నీళ్లలో తేలుతున్న శత్రువుల చేతులు పట్టి పైకి లాగారు. సాయంత్రం ఆరు కావస్తుండగా మందుగుండు గదికి నిప్పు చేరి అషీల్ పేలిపోయింది.

ఆంత్రప్రెనాంత్ ఒక్కటే 150 మందికి పైగా ఫ్రెంచివారిని పైకి ఎక్కించుకుంది. సొంత మనుషులు నలభై మంది.

రాధామాధవి:
అషీల్ మాట వచ్చింది కాబట్టి జానెట్ గురించి చెప్పకుండా ఉండలేను. అది పికిల్ కథ గానీ అదే నీళ్లలో, అదే గంటలో జరిగింది. ఆమె అషీల్‌లో కొయ్యల మీద పనిచేసే ఒక నావికుడి భార్య. యుద్ధం జరుగుతున్నంతసేపూ లోపల మందుగుండు గది దారిలో నిలబడి సంచులు అందించింది. నిప్పు అంటుకున్నాక పైకి వచ్చే దారి మూసుకుపోయింది. పైఅంతస్తు కాలి ఫిరంగులు కింది అంతస్తులోకి కూలుతుంటే, ఓడ వెనకభాగంలోని కంతలోంచి బయటపడి చుక్కాని గొలుసుల మీద కూర్చుంది. చుక్కానికి తాపడం చేసిన సీసం కరిగి మెడ మీద, భుజాల మీద పడటం మొదలైంది. బట్టలు విప్పేసి నీళ్లలోకి దూకింది. ఒక చెక్కను పట్టుకుని తేలుతుండగా పికిల్ పడవ వాళ్లు పైకి లాగారు. తర్వాత రివెంజ్ అనే నౌకకు చేర్చారు. అక్కడి అధికారులు కుట్టుకోమని ఆమెకు గుడ్డ ఇచ్చారు. కొన్నాళ్లకు భర్త కూడా ప్రాణాలతో ఉన్నాడని తెలిసింది, ఇద్దరూ కలుసుకున్నారు.

ఆ రోజు యుద్ధం గురించి వేల పేజీలున్నాయి. అడ్మిరల్ ఏ కోటు వేసుకున్నాడో, ఏ బొత్తాం దగ్గర తూటా తగిలిందో కూడా రాశారు. ఆంత్రప్రెనాంత్ పైకి లాగిన ఆ నూట యాభై మందిలో ఒక్కరి కథ ఇలా మనదాకా రాలేదే అని నాకు బాధ.

సరంగు:
బాధ సరే, నాకైతే ఆ రాత్రి ఎలా గడిచిందన్నదే ప్రశ్న. ఓడలో నలభై మంది సొంతవాళ్లు, అంతకు నాలుగింతలు ఖైదీలు. తడిసి ముద్దైనవాళ్లు, కాలినవాళ్లు, కూర్చోవడానికి చోటు లేదు. ఆ రాత్రే తుపాను మొదలైంది, వారం రోజులు ఆగలేదు. చిన్న ఓడలో బరువు అటూ ఇటూ కదిలితే ప్రమాదం. మనుషులు కూడా బరువే. ఓడ ఒక పక్కకు ఒరిగినప్పుడు భయంతో జనం అంతా ఒకేవైపు జరిగితే అంతే సంగతులు. వాళ్లను కింద కూర్చోబెట్టి, కదలకుండా ఉంచి, ఎదురు తిరగకుండా చూసుకుంటూ తెరచాపలు తగ్గించుకుని రాత్రి దాటించడం ఒక ఫిరంగుల పోరుకు తీసిపోదు. పికిల్‌లో ఫ్రెంచి ఖైదీలు ఓడను స్వాధీనం చేసుకుని కాదిజ్ రేవుకు పారిపోదామని గుసగుసలాడుకుంటే ఎవరో విన్నారనే జ్ఞాపకం ఒకటి ప్రచారంలో ఉంది. ఆంత్రప్రెనాంత్‌లోనూ ఆ లెక్క వేసుకున్నవాడు ఉండే ఉంటాడు.

తుపాను ఎంత గట్టిదంటే, బ్రిటిష్ వారు పట్టుకున్న 17 శత్రునౌకల్లో చివరికి జిబ్రాల్టర్ చేరినవి నాలుగే. మిగతావి మునిగాయి, ఒడ్డుకు కొట్టుకుపోయాయి, వాళ్లే తగలబెట్టాల్సి వచ్చింది, కొన్నిటిని శత్రువు తిరిగి లాక్కున్నాడు. డెబ్బై నాలుగు ఫిరంగుల ఓడలకే దిక్కులేని వారం అది.

చిటపట:
అందరూ ఇంత మెచ్చుకుంటున్నారు కాబట్టి నేను అడ్డం తిరగక తప్పదు. ఆంత్రప్రెనాంత్ ఆ రోజు ఒక్క ఫిరంగి కూడా కాల్చలేదు. పేరు పట్టికలో అట్టడుగున ఉందంటే చోటు సరిగ్గానే ఉంది. మునిగేవాణ్ని పైకి లాగడం మంచిపనే, కాదనను. అయితే ఆ పని ప్రిన్స్ పడవలూ చేశాయి. చిన్నదాని మీద జాలి వల్ల కథ పెద్దదవుతోందని నా అనుమానం.

నిక్కచ్చి:
చిటపట గారూ, జాలి పక్కన పెట్టి లెక్క చూద్దాం. అసలు అన్యాయం అక్కడే కనబడుతుంది.

నెల్సన్ మరణం తర్వాత పగ్గాలు పట్టిన అడ్మిరల్ కాలింగ్‌వుడ్ విజయవార్తను లండన్‌కు పంపాలి. ఫ్రిగేట్లు ఏవీ వదులుకునే స్థితిలో లేడు, విరిగిన నౌకలను లాగడానికి ప్రతి ఒక్కటీ కావాలి. చేతిలో ఉన్న చిన్నవి రెండు: పికిల్, ఆంత్రప్రెనాంత్. అక్టోబర్ 26న పికిల్ కమాండర్ లెఫ్టినెంట్ లాపెనోతియేర్‌కు ఉత్తరాలిచ్చి ఇంగ్లండుకు పంపాడు. ఆంత్రప్రెనాంత్‌ను ఉత్తరాలిచ్చి పోర్చుగల్‌లోని ఫారో రేవుకు పంపాడు.

లాపెనోతియేర్ నవంబర్ 4న ఫాల్మత్ చేరాడు. అక్కడినుంచి గుర్రబ్బండి మీద 271 మైళ్లు, 37 గంటలు, గుర్రాలు ఇరవై సార్లకు అటూ ఇటూగా మార్చుకుంటూ. ఖర్చు 46 పౌన్ల 19 షిల్లింగుల 1 పెన్నీ. ఆ ఖర్చు పద్దు ఈనాటికీ ఉంది. ఆరో తేదీ తెల్లవారుజామున ఒంటిగంటకు పొగమంచులో నౌకాదళ కార్యాలయం తలుపు తట్టి, కార్యదర్శి మార్స్‌డెన్‌తో గొప్ప విజయం సాధించాం, కానీ లార్డ్ నెల్సన్‌ను పోగొట్టుకున్నాం అని చెప్పాడు. బహుమతిగా 500 పౌన్లు, కమాండర్ హోదా (లెఫ్టినెంట్‌కు పై మెట్టు), లాయిడ్స్ దేశభక్తి నిధి నుంచి 100 గినీల కత్తి.

యంగ్‌కు? కమాండర్ హోదా 1810లో వచ్చింది. అయిదేళ్లు ఆలస్యం. ఇద్దరూ లెఫ్టినెంట్లే, ఇద్దరివీ చిన్న నౌకలే, ఇద్దరూ ఒకే అగ్గి దగ్గర మనుషులను కాపాడారు. ఉత్తరాల మూట ఏ వైపు పోయిందో దాన్నిబట్టి జీవితాలు మారాయి. మామూలు నావికుడి వాటా కూడా చెబుతాను: పార్లమెంటు మంజూరు చేసిన 3 లక్షల పౌన్లలోంచి 4 పౌన్ల 12 షిల్లింగుల 6 పెన్నీలు, పట్టుబడిన నౌకల సొమ్ములోంచి రెండు పౌన్లకు లోపు. లాపెనోతియేర్ గుర్రబ్బండి ఖర్చుకు అది ఏడో వంతు కూడా కాదు.

చిటపట:
అన్యాయం అనే మాట బరువైనది. పికిల్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. అది వెస్టిండీస్‌లో కొన్న వేగమైన స్కూనర్, మొదట్లో దాని పేరు స్టింగ్. బిస్కే అఖాతం దాటి అక్టోబర్ చివర్లో ఇంగ్లండు చేరాలంటే ఏది పంపాలో కాలింగ్‌వుడ్‌కు తెలియదా? అరవై దాటని వయసు, నలభై ఏళ్లకు పైగా సముద్రం మీద గడిపినవాడు. ఫారోకు పంపడం కూడా చిన్నపని కాదు. స్పెయిన్ శత్రుదేశం. అక్కడికి దగ్గరలో స్నేహదేశపు రేవు పోర్చుగల్‌దే. లిస్బన్‌లోని రాయబారికి, అక్కడి వర్తకులకు కబురు చేరాలంటే అదే దారి. ఒకే వార్త రెండు దారుల్లో పంపడం ఆ రోజుల్లో జాగ్రత్త. ఒక ఓడ మునిగితే రెండోదైనా చేరుతుంది.

పాతపటాలు:
జాగ్రత్త అనే మాట నిజం. దానికి ఇంకో ముడి కూడా ఉంది. పికిల్ దారిలో నాటిలస్ అనే యుద్ధనౌకకు ఎదురై కబురు చెప్పింది. నాటిలస్ కెప్టెన్ సైక్స్ ముందు లిస్బన్‌కు, అక్కడినుంచి ఇంగ్లండుకు బయలుదేరాడు. ప్లిమత్‌లో దిగి అతనూ గుర్రబ్బండి ఎక్కాడు. ఇద్దరూ దాదాపు ఒకే సమయానికి లండన్ చేరారు. ఇక మొట్టమొదట అచ్చులో వార్త వేసింది లండన్ పత్రిక కాదు. జిబ్రాల్టర్ క్రానికల్ అక్టోబర్ 24నే వేసింది, పికిల్ ఇంకా బయలుదేరకముందే.

రాధామాధవి:
చిటపట గారూ, కాలింగ్‌వుడ్ ఎంపికను ఎవరూ తప్పుబట్టడం లేదు. తప్పు ఆ తర్వాత లండన్‌లో జరిగింది. కబురు తెచ్చినవాడికి కానుక ఇవ్వడం అప్పటి మర్యాద, సరే. నిప్పుల్లోంచి మనుషులను తెచ్చినవాడికి ఏ మర్యాదా లేదు. వాళ్లు శత్రువులు కావడం వల్లనా? అదే నూట యాభై మంది ఇంగ్లీషువారై ఉంటే యంగ్‌కు కూడా ఒక కత్తి దొరికేదని నా నమ్మకం.

చిటపట:
దొరికేది కాదు. నెల్సన్ చనిపోయిన వారంలో ఎవరికీ ఇంకెవరూ కనబడలేదు. అంతే.

గోదారిగట్టు:
చర్చ బాగుంది. ఒక పక్కమాట. నెపోలియన్ కాలపు నౌకాయుద్ధం మన తీరంలో కూడా జరిగింది కదా? విశాఖలో అని ఎక్కడో చదివాను. అక్కడ కట్టర్లు ఉన్నాయా?

సరంగు:
జరిగింది. 1804 సెప్టెంబర్ 15న. ఫ్రెంచి అడ్మిరల్ లినోయిస్ మూడు నౌకలతో వచ్చి విశాఖ రేవు బయట లంగరు వేసి ఉన్న సెంచూరియన్ అనే 50 ఫిరంగుల నౌక మీద పడ్డాడు. సెంచూరియన్ తోడు తెచ్చిన రెండు వర్తక నౌకల్లో బార్నబీ ఒడ్డుకు కొట్టుకుపోయింది, ప్రిన్సెస్ షార్లట్ పట్టుబడింది. సెంచూరియన్ చావుదెబ్బలు తిన్నా మునగలేదు. ఆ పోరులో కట్టర్ లేదు. ఇప్పుడు బీచ్ రోడ్డు మీద నిలబడి చూస్తే లంగరేసిన ఓడలు కనబడే ఆ నీళ్లే. అది వేరే చర్చగా పెట్టండి, నేనూ వస్తాను. ఇక్కడ కట్టర్‌ను సగం దారిలో వదిలేశాం, దాని అసలు యుద్ధం ఇంకా రాలేదు.

తీరవాసి:
అసలు యుద్ధమా? ట్రఫాల్గర్ తర్వాత ఇంకా ఉందా?

పాతపటాలు:
ఉంది. చిటపట గారు ఒక్క ఫిరంగి కాల్చలేదన్నారు కదా, ఇది ఆయన కోసమే.

1810 డిసెంబర్ 12. అప్పటికి కమాండర్ లెఫ్టినెంట్ పీటర్ విలియమ్స్. స్పెయిన్ దక్షిణ తీరంలో మాలగాకూ అల్మేరియాకూ మధ్య కట్టర్ ఉంది. గాలి పూర్తిగా పడిపోయింది. ఒడ్డున ఒక కోట నీడన లాటిన్ చాపల (వాలు దూలానికి కట్టిన త్రికోణపు చాపల) నౌకలు నాలుగు లంగరు వేసి కనిపించాయి. తొమ్మిది గంటల వేళ అవి లంగరెత్తి, తెడ్లు వేసుకుంటూ బయటికి వచ్చాయి. ఫ్రెంచి ప్రైవేటీర్లు. అంటే ప్రభుత్వం దగ్గర పత్రం పుచ్చుకుని శత్రునౌకలను దోచుకునే ప్రైవేటు నౌకలు. వాటిలో పెద్దదానికి 6 ఫిరంగులు, 75 మంది. మిగతా మూడూ దానికన్నా చిన్నవి. అన్నీ కలిపితే కట్టర్ మీద మనుషులకు నాలుగింతలకు పైగా.

పదకొండు గంటలకు పిస్తోలు దూరంలోకి వచ్చి కాల్పులు మొదలుపెట్టాయి. పెద్దది వెనక నుంచి, మిగతావి పక్కల నుంచి, ముందు నుంచి. కట్టర్ పైకొయ్య కూలింది, పెద్ద చాపను పట్టి ఉంచే పైతాళ్లు తెగాయి, కుడిపక్క ఫిరంగులు రెండు పనికిరాకుండా పోయాయి. ఆ అదను చూసి శత్రువు ఓడ మీదికి ఎక్కబోయాడు. కత్తులతో, తుపాకులతో తిప్పికొట్టారు. మళ్లీ వచ్చారు, మళ్లీ తిప్పికొట్టారు. మధ్యాహ్నం రెండున్నర దాటేదాకా ఇదే తంతు. చివరికి ప్రైవేటీర్లే చితికిపోయి తెడ్లు వేసుకుంటూ ఒడ్డుకు మళ్లాయి. కట్టర్‌లో చనిపోయినవాడు ఒక్కడు, గాయపడినవారు పదిమంది.

కొత్తగా చేరాను:
గాలి లేనప్పుడు వాళ్లు కదిలారు, వీళ్లు కదల్లేకపోయారు. కట్టర్‌కు తెడ్లు ఉండవా?

సరంగు:
ఉంటాయి. పొడవాటి తెడ్లు, ఒక్కొక్కదాన్ని ఇద్దరు ముగ్గురు కలిసి లాగాలి. అయితే కట్టర్ అడుగు లోతుగా, వెడల్పుగా ఉంటుంది, చాపలు మోయడానికి కట్టిన ఓడ. మధ్యధరా లాటిన్ చాపల నౌక సన్నగా, తేలికగా ఉంటుంది, తెడ్ల మీద నడవడానికే పుట్టింది. పైగా తెడ్ల దగ్గర మనుషులను పెడితే ఫిరంగుల దగ్గర ఎవరుంటారు? కట్టర్ మీద ఉన్నదే నలభై మందికి లోపు.

అందుకే ఆ సముద్రంలో గాలి లేని ఉదయం అంటే బ్రిటిష్ నావికుడికి గుబులు. జిబ్రాల్టర్ దగ్గర గాలి పడిపోయినప్పుడల్లా స్పెయిన్ గన్‌బోట్లు తెడ్లు వేసుకుంటూ వచ్చి, కదలలేక నిలిచిపోయిన ఓడ వెనకభాగానికి చేరేవి. ఎందుకంటే ఫిరంగులన్నీ పక్కలకు ఉంటాయి, వెనక నుంచి కాల్చేవాడికి జవాబు చెప్పడం కష్టం. విలియమ్స్ మీదికి వచ్చినవాళ్లు చేసిందీ అదే. పెద్ద ప్రైవేటీర్ వెనకాల నిలబడింది చూశారా? ఓడ ముక్కును ఏదో ఒక పక్కకు తిప్పగలిగితేనే పక్క ఫిరంగులు దానివైపు చూస్తాయి. గాలి లేకుండా అలా తిప్పాలంటే ఒక పక్క తెడ్లు మాత్రమే వేయాలి, అదీ తూటాల మధ్య నిలబడి. మూడున్నర గంటలు అలా నిలదొక్కుకున్నాడంటే ఆ మనిషికి పని తెలుసు.

చిటపట:
ఒప్పుకుంటాను, ఇది పోరాటమే. ట్రఫాల్గర్ కన్నా ఇదే ఆ కట్టర్‌కు గౌరవం. ట్రఫాల్గర్ పేరు తగిలించుకోవడం వల్ల ఈ పోరాటం మరుగున పడింది. ఆ పట్టిక దానికి మేలు కన్నా కీడే చేసింది.

నిక్కచ్చి:
ఆ మాటలో నిజముంది. ఇంకో లెక్క చెప్పి నా వంతు ముగిస్తాను. ఆ యుద్ధాల్లో పాల్గొన్నవారికి నావల్ జనరల్ సర్వీస్ మెడల్ ఇవ్వాలని బ్రిటిష్ ప్రభుత్వం నిర్ణయించింది 1847లో. అదీ అప్పటికి బతికి ఉండి, దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకే. ట్రఫాల్గర్‌కు, ఈజిప్టుకు వేరువేరు పట్టీలు ఉన్నాయి. రాబర్ట్ బెంజమిన్ యంగ్ 1846లో ఎక్సెటర్‌లో చనిపోయాడు.

రాధామాధవి:
ఒక్క ఏడాది తేడాలోనా!

చిటపట:
కత్తి అందుకున్న లాపెనోతియేర్ 1834లోనే పోయాడు. అతనికీ మెడల్ లేదు. అక్కడ మాత్రం సమానమే.

తీరవాసి:
అందరికీ ధన్యవాదాలు. ఇంకొక్కటి అడుగుతాను. 1812లో ముక్కలు చేశారన్నారు. అంత పనిచేసిన ఓడను ఎందుకు ఉంచలేదు? పికిల్ ఏమైంది?

పాతపటాలు:
పికిల్ 1808 జూలైలో కాదిజ్ దగ్గర చిపియోనా తిప్పల మీద ఎక్కి పాడైంది. అప్పుడు కూడా ఉత్తరాలే మోస్తోంది. మనుషులంతా బయటపడ్డారు. ఆంత్రప్రెనాంత్‌ను 1812లో ప్లిమత్‌లో విప్పేశారు. బ్రిటిష్ నౌకాదళంలో ఆ పేరుతో మరో ఓడ రాలేదు. పికిల్ పేరు మాత్రం మళ్లీ మళ్లీ పెట్టారు, ఏటా నవంబర్ మొదటివారంలో ఆ స్కూనర్ పేరిట విందులు కూడా చేసుకుంటారు.

సరంగు:
ఎందుకు ఉంచలేదంటే కర్ర ఓడ కాబట్టి. చిన్న ఓడ పలకలు పలచన, పురుగు తొందరగా తినేస్తుంది. పైగా 1810 నాటి దెబ్బలు ఉన్నాయి. మరమ్మతు ఖర్చు కొత్త కట్టర్ ఖరీదుకు దగ్గరపడితే ఏ రేవు అధికారి అయినా విప్పేయమనే రాస్తాడు. మేకులు, రాగి రేకులు, బాగున్న దూలాలు ఏరుకుని ఇంకో ఓడకు వాడుకుంటారు. మా రోజుల్లో ఇనుప ఓడలకూ అదే జరిగేది, గుజరాత్‌లో పాత ఓడలు విప్పే అలంగ్ తీరానికి తోలేవాళ్లు.

గోదారిగట్టు:
విశాఖ యుద్ధం మీద కొత్త చర్చ మొదలుపెట్టాను. సరంగు గారూ, లినోయిస్ ముందుగా మచిలీపట్నం మీదుగా వచ్చాడంటున్నారు, అక్కడ ఏం చేశాడో రాయండి.